చక్కెర కబురు

మొక్కకు చక్కెర తిండి మాత్రమేనని చాలాకాలం అనుకున్నారు. అది జన్యువుల పనితీరునే మార్చగలదన్న ఆలోచనకు పునాది సూక్ష్మజీవుల్లో పడింది. గ్లూకోజ్ అయిపోయేదాకా బాక్టీరియా కొన్ని ఇతర చక్కెరల జోలికి పోవని 1940ల తొలినాళ్లలో ప్యారిస్‌లో జాక్ మోనో గమనించారు.

మొక్కల్లో గట్టి రుజువు 1990లో దొరికింది. బోస్టన్‌లో జెన్ షీన్ మొక్కజొన్న ఆకు కణాల గోడలను ఎంజైములతో తొలగించి, ఆ కణాలకు చక్కెర అందించారు. కిరణజన్య సంయోగక్రియకు కావలసిన జన్యువులు మందగించాయి. గిడ్డంగి నిండాక మిల్లు జోరు తగ్గినట్టే.

మరి చక్కెరను పసిగట్టేదేమిటి? ఈ చరిత్రలో అన్నిటికన్నా అందమైన ఘట్టం ఇదే. గ్లూకోజ్‌కు ఫాస్ఫేట్ తగిలించే హెక్సోకైనేజ్ అనే ఎంజైము మీద పరిశోధకుల దృష్టి పడింది. 6 శాతం గ్లూకోజ్ ఉన్న మాధ్యమంలో అరబిడాప్సిస్ అనే మొక్క మామూలు మొలకలు ఎదగకుండా ఆగిపోతాయి. ఆ ఎంజైము లోపించిన మొలకలు మాత్రం పచ్చగా ఆకులు వేశాయి. 2003లో షీన్ బృందం, ఫాస్ఫేట్ తగిలించే శక్తి పోయిన హెక్సోకైనేజ్‌ను ఈ లోపమున్న మొక్కల్లో ప్రవేశపెట్టింది. అయినా గ్లూకోజ్ కబురు జన్యువులకు చేరింది! చక్కెరను వాడుకోవడం వేరు, దాని ఉనికిని గుర్తించడం వేరని తేలిపోయింది.

2006లో ఈ హెక్సోకైనేజ్ ప్రోటీనులో కొంత కణ కేంద్రకంలోనే ఉండి పనిచేస్తుందని కనుగొన్నారు. చక్కెర కరువైనప్పుడు వందల జన్యువులను సర్దే కిన్10 అనే ప్రోటీను పాత్ర 2007లో బయటపడింది.