చెరసాల తలుపుకు ఏ వైపున ఉన్నాము?



ఈమధ్య తెనాలి, బాపట్ల, రేపల్లె కుటుంబ కూడికలలో అపొస్తలుల కార్యములు ధ్యానించుకుంటున్నాము. ఐదవ అధ్యాయములో అపొస్తలులు చెరసాలలో ఉన్నారు. పన్నెండులో పేతురు, పదహారులో పౌలు సీలలు. ఒక కూడికలో ఒక తల్లి అడిగారు: "అయ్యగారూ, మంచి పని కోసం జైలుకు వెళ్లినవాళ్లు బైబిల్లోనే గాని మన కాలంలో ఎవరూ లేరా?" ఆ రోజు రెండు మాటలు చెప్పి ప్రార్థన ముగించేశాము. ఇంటికి వచ్చాక ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. ఆమెకు ఇవ్వవలసిన జవాబే ఈ వ్యాసము.

ముందుగా ఒక ఆర్.సి.ఎం. సిస్టరమ్మ సంగతి చెప్పుకుందాము. ఆమె పేరు మేగన్ రైస్. 1930లో న్యూయార్క్‌లో పుట్టారు. దాదాపు నలభై ఏళ్లు నైజీరియా, ఘనా దేశాలలో పిల్లలకు పాఠాలు చెప్పారు. ముసలితనంలో అమెరికాకు తిరిగివచ్చారు. ఆ దేశంలో టెన్నెసీ రాష్ట్రంలో ఓక్ రిడ్జ్ అనే ఊరు ఉంది. 1945లో హిరోషిమా మీద వేసిన బాంబుకు యురేనియం తయారైంది అక్కడే. ఇప్పటికీ అణుబాంబులకు కావలసిన యురేనియం అక్కడ నిలవ ఉంచుతారు.

2012 జూలై 28న, తెల్లవారక ముందే, 82 ఏళ్ల సిస్టర్ మేగన్ మరి ఇద్దరు సహోదరులతో కలిసి ఆ స్థలంలోకి వెళ్లారు. మూడు కంచెలు కత్తిరించి లోపలికి నడిచారు. గోడ మీద లేఖనాలలోని మాటలు రాశారు. యెషయా 2:4లో కత్తులు నాగటి నక్కులవుతాయన్న దర్శనముంది గదా, దానికి గుర్తుగా సుత్తితో ఆ గోడను కొట్టారు. తర్వాత పారిపోలేదు. కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడుతూ, వచ్చిన గార్డుకు రొట్టె ఇవ్వజూపారు.

2013లో నేరం రుజువైంది. విచారణలో ఆమె, తనకున్న విచారమల్లా ఈ పని చేయడానికి డెబ్బై ఏళ్లు ఆగడమేనని చెప్పారు. 2014 ఫిబ్రవరి 18న శిక్ష వేసిన జడ్జి అముల్ థాపర్ మన భారత సంతతివారే. వయసు చూసి తన మీద జాలి చూపవద్దని, బ్రతికినంతకాలం జైల్లోనే ఉంచినా దాన్ని బహుమానంగానే తీసుకుంటానని ఆమె ఆయనను కోరారు. ఆయన రెండేళ్ల పదకొండు నెలలు వేశారు. 2015 మే నెలలో పై కోర్టు, దేశ రక్షణకు హాని తలపెట్టారన్న నేరాన్ని కొట్టివేసింది. ఆమె విడుదలయ్యారు. 2021 అక్టోబరులో, 91వ ఏట ప్రభువునందు నిద్రించారు.

జైలు గురించి చెప్పేటప్పుడు ఆమె తన కష్టం కంటే తోటి స్త్రీ ఖైదీల సంగతే ముందుకు తెచ్చేవారు. బాంబుల మీద అంత ధనం పోసే దేశంలో వీరికి చదువు, వైద్యం, పని ఎందుకు దొరకలేదన్నది ఆమె బాధ. ఆమెకు ఆ ఆయుధాల గిడ్డంగి, ఆ జైలు గది ఒకే పాపానికి రెండు ముఖాలు.

"అది అమెరికా గదా, అయ్యగారూ" అంటారేమో. అయితే తెనాలిలో రైలెక్కి బాపట్ల దాటి చీరాల దాకా రండి.

1919లో ప్రభుత్వం చీరాల, పేరాల గ్రామాలను కలిపి మునిసిపాలిటీ చేసింది. పన్నులు ఎన్నో రెట్లు పెరిగాయి. నేతపనివారు, చిన్న రైతులు ఎక్కువగా ఉన్న ఊళ్లు. కట్టలేమన్నారు. పన్ను కట్టనందుకు పన్నెండుమందిని జైలుకు పంపారు. వారిలో ఒక స్త్రీ కూడా ఉన్నారు. 1921 ఏప్రిల్‌లో గాంధీగారు చీరాల వచ్చారు. అహింసగా పన్ను నిరాకరించడం, లేదా ఊరే విడిచిపోవడం, ఈ రెండు దారులు చూపించారు. ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వంలో జనం రెండవ దారి పట్టారు. సుమారు 13 వేలమంది పిల్లాపాపలతో, తట్టాబుట్టతో ఇళ్లు విడిచి, మునిసిపాలిటీ హద్దు అవతల పాకలు వేసుకున్నారు. ఆ చోటికి రామనగర్ అని పేరు. ఎండ, వాన, చలి, పదకొండు నెలలు అక్కడే. గోపాలకృష్ణయ్యగారి రామదండు వాలంటీర్లు క్రమం తప్పనీయలేదు.

ఇంతలో బరంపురంలో మాట్లాడకూడదన్న నిషేధాన్ని మీరినందుకు గోపాలకృష్ణయ్యగారికి ఏడాది జైలు పడింది. నాయకుడు తిరుచిరాపల్లి జైల్లో, చేతిలో డబ్బు లేదు. 1922లో జనం తిరిగి ఇళ్లకు వచ్చారు. మునిసిపాలిటీ అలాగే ఉండిపోయింది.

ఏం సాధించారు? సిస్టర్ మేగన్ జైలుకు వెళ్లాక ఓక్ రిడ్జ్ మూతపడిందా? లేదు. మనలో చాలామంది ఇక్కడే పుస్తకం మూసేస్తాము. అయితే అపొస్తలుల కార్యములు ఏడవ అధ్యాయం చివర స్తెఫను ఏం సాధించాడని కూడా అడగవచ్చు. ఆ సాయంకాలానికి కనబడింది ఒక శవము, సౌలు కాళ్ల దగ్గర పెట్టిన కొన్ని వస్త్రములు. మనస్సాక్షి ఫలం లెక్కచూసుకుని నడిచేది కాదు. తప్పును తప్పు అని చెప్పి, ఎవరి మీదా చెయ్యెత్తక, దాని ఖరీదు తానే చెల్లిస్తుంది. రోమా 13 సంగతేమిటని అడిగేవారికి కూడా ఇదే మా మనవి: వీరు అధికారము నుండి దాక్కోలేదు. శిక్షకు తల ఒగ్గారు.

ఇప్పుడు అదే రైలు మార్గంలో కొంచెం వెనక్కి వెళ్లాలి. ఇది మాకు కష్టంగా ఉంది గాని చెప్పక తప్పదు. బాపట్లకు చీరాలకు మధ్య స్టూవర్టుపురం ఉంది. బ్రిటిషు ప్రభుత్వం కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్థులని చట్టం చేసింది. ఆ 1911 చట్టం కింద పేరు నమోదైనవారు పిలిచిన వేళకు హాజరు చెప్పాలి. పాసు లేకుండా ఊరు దాటకూడదు. ఎరుకల కుటుంబాలను తెచ్చి, మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్ట్ దొర పేరు పెట్టి ఈ సెటిల్‌మెంటు కట్టారు. దాని నిర్వహణ ఎవరి చేతికిచ్చారు? క్రైస్తవుల చేతికి, సాల్వేషన్ ఆర్మీకి.

వారు బడి పెట్టారు, పని నేర్పారు, సువార్త చెప్పారు. చాలామంది మంచి మనస్సుతోనే వచ్చారు. అది కొట్టివేయలేము. అయినా చీరాల జనం మనస్సాక్షి కోసం ఇళ్లు విడిచిన ఆ రోజుల్లోనే, కొన్ని మైళ్ల అవతల మన వైపువారి చేతిలో హాజరు పుస్తకం ఉంది. పుట్టిన బిడ్డను కూడా అనుమానంతో చూసే చట్టానికి మనవారు కాపలా కాశారు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ చట్టం పోయింది, ముద్ర పోలేదు. 1970లలో ఆ ఊరి వారి మధ్యకు వెళ్లి ఏళ్ల తరబడి పని చేసినవారిలో హేమలతా లవణంగారు ముఖ్యులు. ఆమె మన గుంటూరు జిల్లా కవి గుర్రం జాషువాగారి కుమార్తె. ఆమె భర్త లవణంగారు నాస్తికులు. మనం వేసిన తాళం తీయడానికి దేవుడు ఒక నాస్తికుని కూడా వాడుకున్నాడంటే, మనం తల దించుకుని స్తోత్రం చెప్పవలసినదే.

ఇదంతా పాత కథ అని తప్పించుకోవచ్చు. కాని మాకు ఆ దారి లేదు. కొన్నేళ్ల క్రితం మన గ్రామాలలో ఒకచోట గట్టు తగాదాలో కొట్లాట జరిగింది. మన సహోదరుడు ఒకరిని సాక్షి సంతకం పెట్టమన్నారు. తాను చూడని సంగతి చూసినట్లు ఆ కాగితంలో ఉంది. అతడు మా దగ్గరకు వచ్చాడు. మేము ఏమి చెప్పామో తెలుసా? "పెద్దవాళ్లతో మనకెందుకు బాబూ, సంతకం పెట్టేసి బయటపడు, ప్రార్థన చేస్తాము" అన్నాము. అతడు కాసేపు నేల చూసి, "చూడనిది చూశానని ఎలా రాయను అయ్యగారూ?" అన్నాడు. సంతకం పెట్టలేదు. ఆ రాత్రంతా స్టేషను బెంచీ మీద కూర్చోబెట్టారు. తెల్లవారి ఇంటికి వచ్చి, ముఖం కడుక్కుని, ఆదివారం ఆరాధనకు వచ్చి వెనుక చాప మీద కూర్చున్నాడు. ఆ రోజు ప్రసంగం చేసినది మేము. ప్రసంగం వినిపించినది అతడు. ఇన్నాళ్లకు ఈ వ్రాతలో అతనిని క్షమాపణ అడుగుతున్నాము.

కనుక అమ్మా, మీ ప్రశ్నకు జవాబు ఇది. మన కాలంలోనూ ఉన్నారు. కొందరు మన సంఘము వారు కారు, కొందరు మన దేవుని పేరే ఎత్తరు, ఒకరు మన వెనుక చాప మీదే ఉన్నారు. చెరసాల తలుపుకు లోపల ఎవరున్నారని మీరు అడిగారు. బయట తాళం చెవి ఎవరి చేతిలో ఉందో కూడా అడుగుదాము.

ఈ వారం హెబ్రీయులకు 13:3 ఇంట్లో అందరూ కలిసి చదవండి. మన ఊళ్లలో ఎవరి మనిషైనా జైల్లో ఉంటే, ఆ ఇంటి గడప తొక్కి పలకరించండి. వారు ఏ కులమని, ఏ కేసని అడగకండి. పిల్లల ఫీజు కట్టారా, పొయ్యి వెలిగిందా అని అడగండి. అబద్ధపు కాగితం ఎవరి ముందైనా పెట్టినప్పుడు అతడు ఒంటరిగా నిలబడకుండా ఇద్దరు పక్కన నిలబడండి. ఈసారి మేమూ వస్తాము.

సమాధానకర్తయగు దేవుడు మీకు తోడైయుండును గాక. ఆమెన్.