బస్తర్ తిరుగుబాట్లకు మూఢనమ్మకమే కారణమా?

బస్తర్ గురించి మనవాళ్లు ఏం రాసినా రెండు మాటలు తప్పకుండా ఉంటాయి. ఆదివాసులు అమాయకులు అన్నది ఒకటి. వాళ్లకు మూఢనమ్మకాలు ఎక్కువ అన్నది రెండోది. హేతువాదుల్లో కూడా ఈ అభిప్రాయం ఉన్నవాళ్లు తక్కువేమీ కాదు. ఎవరో దేవుడి పేరు చెప్పి రెచ్చగొట్టారు, వీళ్లు విల్లంబులు పట్టుకుని తుపాకులకు ఎదురెళ్లారు, చదువు వస్తే ఇలాంటివి ఉండవు. ఇదీ వాదన. బాబాల మహిమలను ఏ గీటురాయి మీద పెట్టి చూస్తామో ఈ వాదనను కూడా అదే గీటురాయి మీద పెట్టి చూడాలి కదా. ఆ పని చేద్దాం.

తెలుగువాళ్లకు బస్తర్ పరాయి చోటేమీ కాదు. 1323లో ఢిల్లీ సుల్తాను సైన్యం ఓరుగల్లును పట్టుకున్నాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి వెళ్లి అక్కడ రాజ్యం స్థాపించాడని బస్తర్ రాజవంశం చెప్పుకునేది. దంతేశ్వరి దేవత అతని వెనకాలే నడిచిందట. అందెల చప్పుడు వినిపించినంత దూరం రాజ్యం నీదే, వెనక్కి తిరిగి చూడకు అందట. డంకిని, శంఖిని నదులు కలిసే చోట ఇసుకలో అందెల చప్పుడు ఆగిపోయిందట. అతను వెనక్కి చూశాడు, ఆమె అక్కడే నిలిచిపోయింది. ఇప్పటి దంతేవాడ గుడి అదేనంటారు. ఈ వంశకథ చెప్పే దంతేవాడ శాసనం 1703 నాటిది. అంటే ఓరుగల్లు పతనమైన 380 ఏళ్ల తర్వాత రాయించుకున్నది. అన్నమదేవుడి కంటే ముందు అక్కడ బారసూర్ నాగవంశీయుల పాలన ఉండేది. కాబట్టి జరిగింది ఒక దండయాత్ర. కథలో అది దేవత ఇచ్చిన దానం అయింది. బయటినుంచి బలంతో వచ్చినవాడు తన రాకకు ఒక పవిత్రమైన కారణం చెప్పుకోవడం బస్తర్‌లో అక్కడ మొదలైంది.

తర్వాత వచ్చినవాళ్లకు దేవత అవసరం కూడా లేకపోయింది. 18వ శతాబ్దంలో దర్యావ్ దేవ్, అజ్మీర్ సింగ్ అనే ఇద్దరు అన్నదమ్ములు గద్దె కోసం కొట్టుకున్నారు. దర్యావ్ దేవ్ నాగపూర్ భోంస్లేల సాయం, జయపురం రాజు సాయం తెచ్చుకుని గెలిచాడు. అజ్మీర్ సింగ్ పక్షాన నిలబడిన హల్బాలను దారుణంగా అణిచేశారు. 1778 ఏప్రిల్ 6న కుదిరిన కోట్‌పాడ్ ఒప్పందంతో బస్తర్ నాగపూర్‌కు కప్పం కట్టే సంస్థానమైంది. సాయం చేసినందుకు కోట్‌పాడ్ ప్రాంతం జయపురానికి పోయింది. రాజు మిగిలాడు, రాజ్యం తాకట్టులో పడింది. నాగపూర్ ఇంగ్లీషువాళ్ల చేతికి చిక్కడంతో ఆ తాకట్టు కాగితం కూడా వాళ్ల చేతికే వచ్చింది. 1854లో నాగపూర్ రాజ్యం పూర్తిగా విలీనమయ్యాక బస్తర్ నేరుగా బ్రిటిష్ పెత్తనం కిందికి వెళ్లింది.

ఈ మధ్యకాలంలో ఒక కొత్త కారణం ముందుకొచ్చింది. అదే నరబలి. ఒరిస్సా కొండల్లోని కోండుల మెరియా బలిని ఆపడానికని కంపెనీ 1845లో ఒక ప్రత్యేక ఏజెన్సీని పెట్టింది. అదే ఆరోపణ దంతేశ్వరి గుడి మీద కూడా వచ్చింది, గుడి దగ్గర సాయుధ కాపలా పెట్టారు. నరబలి ఎక్కడ జరిగినా ఆపాల్సిందే, అందులో హేతువాదికి రెండో అభిప్రాయం ఉండదు. కానీ నరబలి ఆపడానికి వచ్చిన అధికారం అది ఆగిపోయాక తిరిగి వెళ్లిపోయిందా? లేదు. దాని వెనకాలే భూమి శిస్తు, అటవీ చట్టాలు, వెట్టిచాకిరీ వచ్చాయి. ఒక మంచి పనిని చూపించి వంద పనులకు అనుమతి తీసుకున్నారు.

1876లో మురియాలు తిరగబడ్డారు. బ్రిటిష్ యువరాజును చూడటానికి బయలుదేరిన రాజు భైరామ్ దేవ్‌ను దారిలో ఆపి, మమ్మల్ని ఈ దివాన్ చేతుల్లో వదిలి వెళ్లొద్దన్నారు. కాల్పులు జరిగాయి. వాళ్లు జగదల్‌పూర్‌ను ముట్టడించారు. వాళ్ల డిమాండ్‌లో దేవుడు లేడు, దివాన్ గోపీనాథ్ ఉన్నాడు. అతనినీ అతని మనుషులనూ తప్పించాక ముట్టడి ముగిసింది.

ఇక 1910. దీన్నే భూమ్‌కాల్ అంటారు. ప్రాంతంలో మూడింట రెండు వంతుల అడవిని రిజర్వు చేయాలని 1905లో ప్రభుత్వం తలపెట్టింది. పోడు వద్దు, వేట వద్దు, అటవీ ఉత్పత్తులు ఏరుకోవద్దు. రిజర్వు అడవిలో ఉండనిచ్చిన ఊళ్లవాళ్లు అటవీ శాఖకు కూలి లేకుండా పనిచేయాలి. దీనికి ముందు 1899-1900లో, 1907-08లో కరువులు వచ్చాయి. 1910లో మామిడి కొమ్మలు, మట్టి గడ్డ, మిరపకాయలు, బాణాలు ఊరి నుంచి ఊరికి తిరిగాయి. ఖర్చుల కోసం ఊరూరూ తలో చెయ్యి వేసింది. బజార్లు దోచి ధాన్యం పంచారు. పోలీసు స్టేషన్లు, స్కూళ్లు, అధికారుల ఇళ్లు తగలబెట్టారు. సైన్యం వచ్చి కాల్పులు జరిపింది, ఊళ్లమీద పడి జనాన్ని కొరడాలతో కొట్టింది. పట్టు చిక్కించుకోవడానికి ఫిబ్రవరి నుంచి మే వరకూ పట్టింది. నేతానార్‌కు చెందిన గుండాధుర్ మాత్రం ఎప్పటికీ దొరకలేదు.

గుండాధుర్ మంత్రంతో తుపాకి గుండ్లను నీళ్లు చేస్తాడని ఆదివాసులు నమ్మారని చెప్పుకుంటారు. ఇలాంటి నమ్మకం అక్కడొక్కచోటే లేదు. ఆఫ్రికాలో జర్మన్ల పాలన కింద ఉన్న టాంగన్యీకాలో 1905లో మొదలైన తిరుగుబాటుకు మాజీ మాజీ అని పేరు. మాజీ అంటే స్వాహిలీలో నీళ్లు. అక్కడా అదే మంత్రం, అదే ఫలితం. గుండ్లు నీళ్లు కాలేదు. ఈ విషయాన్ని దాచాల్సిన పనిలేదు. మంత్రం అబద్ధం, దాన్ని నమ్మినవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కానీ ఆ మంత్రమే తిరుగుబాటుకు కారణమా? సర్కారు ఏం చేసిందో చూడండి. తిరుగుబాటు అణిగాక అడవిని రిజర్వు చేసే పని తాత్కాలికంగా ఆపింది, రిజర్వు చేయదలచిన విస్తీర్ణాన్ని దాదాపు సగానికి తగ్గించింది. రోగం మంత్రమైతే మందు అడవిలో ఎందుకు వెతికారు? నోటితో మూఢనమ్మకం అన్నారు, చేత్తో అటవీ చట్టాన్ని దిద్దుకున్నారు. కాబట్టి అసలు కారణం పాలకులకు తెలుసు.

అడవి తర్వాత వంతు ఖనిజానిది. స్వాతంత్ర్యానికి ముందు బస్తర్ గనులను నిజాం ప్రభుత్వానికి లీజుకిప్పించే ప్రయత్నాలు సాగాయని వి.పి.మీనన్ సంస్థానాల విలీనం మీద రాసిన పుస్తకంలో ఉంది. అది జరగలేదు. 1948 జనవరి 1న బస్తర్ భారతదేశంలో, అప్పటి సెంట్రల్ ప్రావిన్సెస్‌లో కలిసింది. 1960లో జపాన్ ఉక్కు కంపెనీలకు బైలాడిలా ఇనుప ఖనిజం అమ్మేందుకు ఒప్పందం కుదిరింది. 1968లో అక్కడ తవ్వకం మొదలైంది. మనం అరకు చూడటానికి ఎక్కే రైలు తిరిగే ఆ కొత్తవలస-కిరండూల్ లైను వేసింది అరకు కోసం కాదు. ఆ ఖనిజాన్ని విశాఖపట్నం ఓడరేవుకు చేర్చడం కోసం.

అదే దశకంలో పాత రాజు ప్రవీర్ చంద్ర భంజ్ దేవ్ కథ ముగిసింది. 1961 ఫిబ్రవరిలో ఆయన్ను ముందస్తు నిర్బంధ చట్టం కింద అరెస్టు చేసి, రాజుగా గుర్తింపు రద్దు చేశారు. ఆయన్ను వెనక్కి తీసుకురమ్మన్న జనం మీద మార్చి 31న లోహండిగూడలో కాల్పులు జరిగాయి. తర్వాత కరువు వచ్చింది, ధాన్యం లెవీ మీద గొడవ వచ్చింది. 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజభవనంలో పోలీసులు కాల్పులు జరిపారు. అధికారిక లెక్క ప్రకారం 61 రౌండ్లు కాల్చారు, ప్రవీర్‌తో సహా 12 మంది చనిపోయారు. ఆయన ప్రజాస్వామ్యవాదేమీ కాదు. దంతేశ్వరి ప్రధాన పూజారిగా తనకున్న పలుకుబడిని పూర్తిగా వాడుకున్నవాడే. అయినా విచారణ లేకుండా చంపడానికి అది కారణం కాదు. 1971లో బిహారీదాస్ అనే బాబా వచ్చి నేనే ప్రవీర్‌ను అన్నాడు. వేలమంది నమ్మి కంఠీ కట్టించుకుని మాంసం, సారా మానేశారు. రాజును పోలీసులు చంపితే బాబా బతికించాడు! న్యాయం దొరకని చోట బాబాలకు ఎంత గిరాకీ ఉంటుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. దంతేశ్వరి మీద భక్తి, మంత్రాల మీద నమ్మకం బస్తర్‌లో ప్రతి ఏడూ ఉన్నాయి. తిరుగుబాట్లు ప్రతి ఏడూ రాలేదు. 1876లో వచ్చాయి, 1910లో వచ్చాయి, 1960లలో వచ్చాయి. ఎప్పుడూ ఉండేదాన్ని చూపించి అప్పుడప్పుడు జరిగేదాన్ని వివరించలేం. ఆ ఏళ్లలో కొత్తగా ఏం వచ్చిందో చూడాలి. దివాన్ దోపిడీ, అడవి రిజర్వు, కరువులో లెవీ. నమ్మకం తిరుగుబాటుకు భాష ఇచ్చింది, కారణం ఇవ్వలేదు.

2005 జూన్‌లో సల్వా జుడుం మొదలైంది. గోండీలో దీనికి శాంతి యాత్ర అని ప్రభుత్వం అర్థం చెప్పింది, శుద్ధి వేట అని మరికొందరు చెప్పారు. మావోయిస్టుల మీద ప్రజలే తిరగబడ్డారన్నారు. రాష్ట్రంలో అధికారం బీజేపీది, ఉద్యమ నాయకుడు కాంగ్రెస్‌కు చెందిన మహేంద్ర కర్మ. ఊళ్లు తగలబడ్డాయి, జనాన్ని రోడ్డు పక్క శిబిరాలకు తరలించారు. అయిదో తరగతి చదివిన ఆదివాసీ యువకులకు రెండు నెలల శిక్షణ ఇచ్చి, ప్రత్యేక పోలీసు అధికారులని పేరు పెట్టి, తుపాకి చేతికిచ్చారు. వేలాదిమంది సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వచ్చారు. మన మిరప తోటల్లో కాయలు కోసే గుత్తికోయల్లో చాలామంది అలా వచ్చినవాళ్లే. 2011 జూలై 5న జస్టిస్ బి.సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్.నిజ్జర్‌ల సుప్రీంకోర్టు బెంచి ఈ నియామకాలు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది.

ఈ పద్ధతి మనవాళ్లు కనిపెట్టింది కాదు. మధ్య అమెరికాలో గ్వాటెమాలా అనే చిన్న దేశం ఉంది. అక్కడ ఎన్నికైన అధ్యక్షుడు హకోబో ఆర్బెన్స్ 1952లో భూసంస్కరణ చట్టం తెచ్చి, యునైటెడ్ ఫ్రూట్ అనే అమెరికన్ అరటిపళ్ల కంపెనీ బీడుపెట్టిన భూములను కూడా పంచబోయాడు. 1954లో సీఐఏ అతన్ని కూలదోయించింది. చెప్పిన కారణం కమ్యూనిజం. తర్వాత సైనిక పాలకులు వచ్చారు, 1960 నుంచి 1996 దాకా అంతర్యుద్ధం సాగింది. 1980లలో సైన్యం మాయా ఆదివాసీ రైతులను పౌర గస్తీ దళాల్లో బలవంతంగా చేర్చి తోటివాళ్ల మీదికే పంపింది. చనిపోయినవాళ్లు, మాయమైనవాళ్లు రెండు లక్షలకు పైగా ఉంటారని 1999లో సత్యశోధన కమిషన్ చెప్పింది. గుర్తించిన బాధితుల్లో నూటికి 83 మంది మాయాలు. బస్తర్ గ్వాటెమాలా కాదు. ఇక్కడ ఎన్నికలున్నాయి, సైనిక కుట్ర జరగలేదు, తప్పును తప్పని చెప్పిన కోర్టు ఉంది. ఆదివాసీని ఆదివాసీ మీదికి తోలడం మాత్రం రెండు చోట్లా ఒకటే.

మావోయిస్టులకు కూడా ఈ గీటురాయి వర్తిస్తుంది. 1980లో తెలుగు దళాలు గోదావరి దాటి బస్తర్ వెళ్లాయి. తునికాకు రేటు పెంచారు, అటవీ సిబ్బంది ఆగడాలను అడ్డుకున్నారు. ఇవి నిజాలే. ఇన్ఫార్మర్లన్న పేరుతో ఊరి ముందర ఆదివాసులనే చంపారు. ఇదీ నిజమే. 2010 ఏప్రిల్ 6న ఒక్కరోజే 76 మంది జవాన్లను చంపారు. ప్రజల పేరుతో ఇచ్చిన మరణశిక్షకు ప్రజల సంతకం ఎక్కడుంది? 2025 మే 21న వాళ్ల ప్రధాన కార్యదర్శి, శ్రీకాకుళం జిల్లాకు చెందిన నంబాళ కేశవరావు అబూజ్‌మఢ్‌లో కాల్పుల్లో చనిపోయాడు. ఆయనా బస్తర్‌కు బయటినుంచి వెళ్లినవాడే.

2012 జూన్ 28 రాత్రి సార్కేగూడలో భద్రతా దళాల కాల్పుల్లో 17 మంది చనిపోయారు. వాళ్లు మావోయిస్టులని ప్రభుత్వం ప్రకటించింది, దేశం నమ్మింది. విత్తనాల పండుగ గురించి మాట్లాడుకోవడానికి కూడామని ఊరివాళ్లు చెప్పారు. వాళ్ల మాట ఎవరూ నమ్మలేదు. చనిపోయినవాళ్లు మావోయిస్టులని చెప్పడానికి ఆధారం లేదని న్యాయ విచారణ కమిషన్ నివేదిక 2019లో బయటికి వచ్చింది. అంటే ఏడేళ్లపాటు సాక్ష్యం లేని మాటను నమ్మింది చదువుకున్నవాళ్లే. గుండు నీళ్లవుతుందని నమ్మినవాడు తన ప్రాణం పోగొట్టుకున్నాడు. పోలీసు ప్రకటనను ఆధారం అడక్కుండా నమ్మినవాడికి ఏమీ కాలేదు, ప్రాణం పోయింది వేరేవాళ్లది. రెండోదాన్ని కూడా మూఢనమ్మకం అనే పిలవాలి.