ఎర్రజొన్న బాకీ, మన పసుపు పొడి బాకీ

ఆర్మూర్‌లో రావలసిన పైసల ముచ్చట తీస్తే 2008 యాదికొస్తది. ఎర్రజొన్నలు వ్యాపారికి జోకి ఇచ్చిన రైతులకు పైసలు రాలేదు. కోట్ల రూపాయల బాకీ. జూన్‌లో రైతులు రోడ్డెక్కారు, పోలీసు కాల్పుల దాకా పోయింది. చివరికి ఆ బాకీ సర్కారే తీర్చింది, అదీ 2014లో. ఆరేండ్లు! బయట తెచ్చిన అప్పుకు మిత్తి మాత్రం ఒక్కరోజు ఆగదు, అది మన ఆడోళ్లకే ఎరుక.

అంతమంది కలిసి కొట్లాడితేనే అంత ఆలస్యమైతే, మా పది మంది సంఘం మాట ఎవరు వింటరు? మేము పసుపు పొడి పట్టించి ఒక దుకాణానికి మూడు నెలలు అరువు ఇచ్చినం. 14 వేలు ఆగినయి. అడగబోతే "రేపు రా అక్కా" అనుడే. మా నోటుబుక్కులో మా రాతే ఉంది, ఆయన సంతకం లేదు. మార్కెట్ యార్డులో పసుపు కొమ్ము అమ్మితే తక్‌పట్టీ చేతికొస్తది. పొడికి ఆ కాయితం మనమే పుట్టించుకోవాలె.

ఇప్పుడు సరుకు దింపంగనే రెండు కాపీల బిల్లు, సంతకం, గడువు తేదీ. పాత బాకీ తీరంది కొత్త మూట దింపం. అడగనీకి ఇద్దరిద్దరం పోతున్నం. 9 వేలు వచ్చినయి. 5 వేలు ఇంకా రావాలె.