గ్రాంట్ వార్డ్ వివాదం

'ఏజెంట్స్ ఆఫ్ షీల్డ్' అనే అమెరికన్ ధారావాహికలో గ్రాంట్ వార్డ్ పాత్ర (నటుడు బ్రెట్ డాల్టన్) నమ్మకద్రోహా, లేక చిన్నప్పుడే ఒకడి చేతిలో పడి పాడైపోయిన మనిషా అన్న విషయమై అభిమానుల్లో 2014 నుంచి సాగిన వాదన. ఏబీసీ ఛానల్‌లో 2013 సెప్టెంబర్ 24 నుంచి 2020 ఆగస్టు 12 వరకు ఏడు సీజన్లుగా, 136 ఎపిసోడ్లుగా ప్రసారమైన ఈ కథలో విలన్లు చాలామందే వచ్చిపోయారు. ఇంతకాలం నిలిచిన వాదన మాత్రం వార్డ్ గురించినదే. విలన్ ఎవరన్న ప్రశ్నతో మొదలై, విధేయత అంటే మనిషికా, సంస్థకా అన్న ప్రశ్న దాకా అది వెళ్లింది.

నేపథ్యం

షీల్డ్ అనే గూఢచారి సంస్థ, దాని ప్రత్యర్థి హైడ్రా రెండూ 1965లో 'స్ట్రేంజ్ టేల్స్' 135వ సంచికలో, స్టాన్ లీ, జాక్ కర్బీల చేతిలో పుట్టాయి. వార్డ్‌ను చేరదీసిన జాన్ గ్యారెట్ పాత్ర కూడా కామిక్స్‌లోదే. వార్డ్‌ను మాత్రం టెలివిజన్ కోసమే కల్పించారు. అందువల్ల అతడి గురించి వాదించేవారికి పాత కామిక్స్ ఆధారం ఏదీ లేదు. తెర మీద కనిపించినదే సాక్ష్యం.

'కెప్టెన్ అమెరికా: ది వింటర్ సోల్జర్' సినిమా అమెరికాలో 2014 ఏప్రిల్ 4న విడుదలైంది. షీల్డ్ లోపల హైడ్రా దశాబ్దాలుగా పాతుకుపోయి ఉందన్నది అందులోని రహస్యం. దానికి మూడు రోజుల ముందు, ఏప్రిల్ 1న వచ్చిన ఎపిసోడ్‌లో ఏజెంట్ సిట్‌వెల్‌కు 'లెమూరియన్ స్టార్' ఓడకు వెళ్లమని పిలుపు వస్తుంది. సినిమాలోని తొలి పోరాటం జరిగేది ఆ ఓడ మీదే. ఏప్రిల్ 8న ప్రసారమైన 'టర్న్, టర్న్, టర్న్'లో గ్యారెట్ (బిల్ ప్యాక్స్‌టన్) హైడ్రా మనిషని బయటపడుతుంది. ఖైదీగా తీసుకెళ్తున్న విమానంలో అతణ్ని కాల్చే అవకాశాన్ని షీల్డ్ అధికారిణి విక్టోరియా హ్యాండ్ వార్డ్‌కే ఇస్తుంది. వార్డ్ తుపాకీ తిప్పి ఆమెనూ, ఇద్దరు కాపలా ఏజెంట్లనూ చంపేస్తాడు. పదహారు ఎపిసోడ్ల పాటు జట్టులో అన్నయ్యలా మసలిన మనిషి ఒక్క నిమిషంలో పరాయివాడైపోయాడు.

అదే ఎపిసోడ్‌లో జట్టు సభ్యురాలు మెలిండా మే తన నాయకుడు కోల్సన్ ఆరోగ్యం గురించి షీల్డ్ అధిపతి ఫ్యూరీకి రహస్యంగా కబురు పంపుతున్నదన్న సంగతీ తేలుతుంది. అది ద్రోహమా, స్నేహమా అన్నది అప్పట్లో కొంత చర్చకు వచ్చింది. వార్డ్ సంగతి ముందు అది మరుగున పడిపోయింది.

కుక్క, క్యాప్సూల్

వాదనకు ప్రధాన ఆధారం 2014 మే 6 నాటి 'రాగ్‌టాగ్' ఎపిసోడ్. అన్న క్రిస్టియన్ లోపలుండగా ఇంటికి నిప్పంటించి బాలనేరస్థుల కేంద్రంలో ఉన్న వార్డ్‌ను గ్యారెట్ వెతుక్కుంటూ వస్తాడు. వయోమింగ్ అడవిలో, బడ్డీ అనే కుక్క తోడుగా ఏళ్ల తరబడి ఒంటరిగా వదిలేస్తాడు. అనుబంధం బలహీనత అన్నది అతడు నేర్పిన ఏకైక పాఠం. వెళ్లేముందు కుక్కను చంపమంటాడు. వార్డ్ గాలిలోకి పేల్చి దాన్ని పోనిస్తాడు. ఆ వెంటనే పరుగెత్తుతున్న కుక్క మీద గురి పెట్టిన దుర్భిణి కనబడుతుంది. ఆ గురి ఎవరిది?

వార్డ్‌దేనని, మొదట చూపిన జాలిని అతడే చంపుకున్నాడని ఒక వర్గం అంటుంది. గ్యారెట్‌దేనని మరో వర్గం. దృశ్యం తేల్చి చెప్పదు. అయితే తన తుపాకీనే గాలిలోకి తిప్పి కుక్కను తరిమేసినవాడు మరుక్షణం దూరం నుంచి గురి చూడటం పొసగదు గనుక రెండో వాదనకే బలం ఎక్కువనిపిస్తుంది.

ఈ దృశ్యాన్ని వర్తమానంలోని మరో దృశ్యంతో కలిపి అల్లారు. జట్టులోని శాస్త్రవేత్తలు ఫిట్జ్, సిమన్స్ విమానంలోని వైద్య క్యాప్సూల్‌లో దాక్కుంటారు. నీకు మేమంటే ఇష్టమని ఫిట్జ్ బతిమాలతాడు. వార్డ్ కాదనడు, అది తన బలహీనత అంటాడు. క్యాప్సూల్‌ను సముద్రంలోకి జారవిడుస్తాడు. ఇద్దరూ బతికారు గానీ, ఊపిరాడక ఫిట్జ్ మెదడు దెబ్బతింది. రెండో సీజన్‌లో మాట కోసం తడుముకునే ఆ కుర్రాణ్ని చూసినవారిలో చాలామంది వార్డ్ వాదనను ఇక వినదలుచుకోలేదు. ఆ కోపం న్యాయమైనదే.

బావి

వార్డ్ బాల్యం గురించి మూడు కథనాలున్నాయి. 2013 నవంబర్‌లో వచ్చిన 'ది వెల్'లో, బావిలో పడ్డ తమ్ముడికి తాడు వేయకుండా అన్న అడ్డుపడినట్టు వార్డ్‌కు గుర్తొస్తుంది. రెండో సీజన్‌లో సెనేటర్ అయిన క్రిస్టియన్ నేరం వార్డ్‌దేనంటాడు. 2014 నవంబర్ 18 నాటి 'ది థింగ్స్ వి బరీ'లో అదే బావి దగ్గర వార్డ్ ఒత్తిడి చేస్తే క్రిస్టియన్ తప్పు తనదని ఒప్పుకుంటాడు. భయపెట్టి రాబట్టిన మాటకు విలువెంతన్నది ప్రత్యర్థుల ప్రశ్న. ఆ ఒప్పుకోలు తర్వాత క్రిస్టియన్, తల్లిదండ్రులు మంటల్లో చనిపోతారు. బావి విషయంలో వార్డ్ మాట నిజమే అయ్యుండవచ్చు. దానివల్ల ఆ ముగ్గురి చావు మాఫీ కాదు.

పక్షాలు

'స్టాండ్ విత్ వార్డ్' అన్న నినాదం 2014లో సామాజిక మాధ్యమాల్లో హ్యాష్‌ట్యాగ్‌గా వ్యాపించింది. దాన్ని అందుకున్నవారంతా ఒకే మాట అనలేదు. జట్టులోని స్కైతో అతడి ప్రేమ ఫలించాలని కోరుకున్న 'స్కైవార్డ్' వర్గం ఒకటి. వాళ్లను అందగాడికి మాఫీ ఇచ్చేవాళ్లని ఎద్దేవా చేయడం మామూలైంది. కానీ క్రూరమైన పెంపకం ఒక మనిషిని ఏం చేస్తుందో అతడిలో చూసినవారి వాదన అంత తేలికగా కొట్టిపారేయదగినది కాదు. గ్యారెట్ పట్ల వార్డ్ విధేయత సిద్ధాంతానికి సంబంధించింది కాదు. తాను నాజీని కానని స్కైతో అంటాడు. గ్యారెట్ కూడా హైడ్రాను నమ్మి చేరినవాడు కాదు, సారాయెవోలో షీల్డ్ తనను గాయాలతో వదిలేసిందన్న కక్షతో చేరినవాడు. అంటే వార్డ్ విధేయత ఆదుకున్న చేతికే. దుర్యోధనుడి వైపు నిలబడ్డ కర్ణుడి గురించి తరతరాలుగా వాదించుకునే మనకు ఈ చిక్కు కొత్తదేమీ కాదు.

వార్డ్‌ను వ్యతిరేకించినవారి జవాబు సూటిగా ఉంటుంది: గ్యారెట్ చనిపోయాక ఆజ్ఞాపించేవాడు లేడు, అయినా హత్యలు ఆగలేదు.

హీరోల లెక్క

ఈ వాదనలో హీరోలు కూడా బోనెక్కారు. 2015 ఏప్రిల్ నాటి 'ది డర్టీ హాఫ్ డజన్'లో, కలిసి పనిచేస్తున్న సమయంలోనే సిమన్స్ వార్డ్‌ను చంపబోతుంది. అడ్డొచ్చిన హైడ్రా మనిషి బక్షీ బలైపోతాడు. అదే ఏడాది డిసెంబర్‌లో, తనకు దగ్గరైన రోజలిండ్ ప్రైస్‌ను వార్డ్ హత్య చేయడంతో రగిలిపోయిన కోల్సన్ వార్డ్ తమ్ముడు థామస్‌ను ఎరగా వాడుకుంటాడు. డిసెంబర్ 8న 'మావెత్'లో, వేరే గ్రహం మీద, అప్పటికే చేతికి చిక్కిన వార్డ్ ఛాతీని కృత్రిమ హస్తంతో నలిపి చంపుతాడు. అది న్యాయమా, పగా? కథ ఇచ్చిన ఫలితం స్పష్టం: ఆ శవంలోనే హైవ్ అనే జీవి దూరి భూమికి వస్తుంది. వార్డ్ మరణ తేదీ విషయంలో కనిపించే తేడా కూడా ఇక్కడిదే. కొందరు 2015 డిసెంబర్ 8 అంటారు, కొందరు హైవ్ అంతమైన 2016 మే 17ను లెక్కిస్తారు. మనిషి చనిపోయింది మొదటి తేదీనే గనుక దాన్ని తీసుకోవడం సబబు.

రాబర్ట్ గొంజాలెస్ నడిపిన 'అసలు షీల్డ్' కోసం ఏజెంట్లు మ్యాక్, బాబీ మోర్స్ కోల్సన్‌ను మోసగించిన ఘట్టం రెండో సీజన్‌లో ఉంది. వారిద్దరూ తర్వాత జట్టులో కలిసిపోవడంతో దాని మీద వాదన చప్పబడింది.

ఫ్రేమ్‌వర్క్

నాలుగో సీజన్ చివరి భాగం (2017 ఏప్రిల్–మే) ఈ వాదనకు రచయితలిచ్చిన దీర్ఘమైన జవాబుగా కనిపిస్తుంది. ఫ్రేమ్‌వర్క్ అనే కృత్రిమ లోకంలో ప్రతి ఒక్కరి జీవితంలో ఒక పశ్చాత్తాపాన్ని చెరిపేస్తారు. అక్కడ వార్డ్‌ను చేరదీసింది గ్యారెట్ కాదు, అసలు లోకంలో అతడు చంపిన విక్టోరియా హ్యాండ్. అతడు హైడ్రా లోపల ఉంటూ తిరుగుబాటుదారులకు సాయపడతాడు. తండ్రి పెంపకంలో ఎదిగిన ఫిట్జ్ అదే లోకంలో 'డాక్టర్' అనే క్రూరుడు. ఏగ్నెస్ అనే స్త్రీని సిమన్స్ కళ్లెదుటే కాల్చి చంపుతాడు.

వార్డ్‌కు ఎంపిక ఉందని, తప్పు అతడిదేనని వాదించినవారిలో కొందరు ఫిట్జ్‌ను మాత్రం యంత్రం చేసిన పాపమని వదిలేశారు. 2018 మార్చిలో వచ్చిన 'ది డెవిల్ కాంప్లెక్స్'లో ఆ సాకు కూడా పోయింది. అసలు లోకంలోనే, డైసీని (ముందటి స్కై) కట్టిపడేసి, ఆమె వద్దంటున్నా ఫిట్జ్ శస్త్రచికిత్స చేస్తాడు. ఇద్దరినీ ఒకే కొలతతో తూచాలన్నవారి మాట అప్పటి నుంచి బలపడింది.

ఏడో సీజన్‌లో (2020) గ్యారెట్ యువకుడిగా తిరిగొచ్చాడు. ఆ పాత్ర వేసింది 2017లో మరణించిన బిల్ ప్యాక్స్‌టన్ కొడుకు జేమ్స్ ప్యాక్స్‌టన్. నాథానియల్ మాలిక్ అనే విలన్ తనను చావడానికి వదిలేశాడని గ్రహించిన ఈ గ్యారెట్ షీల్డ్ వైపు వస్తాడు. పక్షం మార్చి ఎంతోసేపు కాకముందే షీల్డ్ తూటాకే కూలిపోతాడు.