విభక్త డేటాబేస్ లావాదేవీల త్వరణము

అనేక కంప్యూటర్లయందు విభజింపబడియున్న దత్తాంశముపై జరుగు లావాదేవీలను, వాని సమగ్రతకు భంగము కలుగకుండ, హార్డ్‌వేర్ విశేషముల తోడ్పాటుతో శీఘ్రతరము గావించు విధానము.

ఆవశ్యకత: జగిత్యాలలోని పసుపు వ్యాపారి యొకరు సిరిసిల్ల మరమగ్గముల యజమానికి పైకము పంపినపుడు, ఇరువురి ఖాతాలు వేర్వేరు కంప్యూటర్లయం దున్నచో, ఒకచోట తగ్గుటయు మరొకచోట పెరుగుటయు రెండును జరుగవలెను, లేదా రెండును జరుగకుండవలెను. ఇందులకై కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు జిమ్ గ్రే 1978లో వివరించిన రెండు దశల నిర్ధారణ పద్ధతిలో కంప్యూటర్లు పలుమార్లు సందేశములు మార్చుకొనవలసియుండుటచేత, అంతవరకు ఆ ఖాతాలకు తాళము పడియుండి, తక్కిన లావాదేవీలు నిరీక్షింపవలసివచ్చును.

సాధనములు: ఆర్‌డీఎంఏ అను నెట్‌వర్క్ సౌకర్యము, అవతలి ప్రాసెసర్ ప్రమేయము లేకయే, దాని మెమరీని కొలది మైక్రోసెకండ్లలో చదువును, వ్రాయును. ఇంటెల్ సంస్థ 2013లో హాస్వెల్ ప్రాసెసర్లతో ప్రవేశపెట్టిన టీఎస్ఎక్స్, ఒకే కంప్యూటర్‌లోని లావాదేవీల నడుమ ఘర్షణను తానే కనిపెట్టి, సగము జరిగిన పనిని రద్దుచేయును. విద్యుత్తు పోయినను చెరగని మెమరీ, డిస్కుపై వ్రాతకై వేచియుండు కాలమును తప్పించును.

ప్రయోగములు: 2015లో షాంఘై జియావో టోంగ్ విశ్వవిద్యాలయ పరిశోధకుల డీఆర్‌టీఎం వ్యవస్థ మొదటి రెండు సాధనములను జోడించెను; ఆ యేటనే మైక్రోసాఫ్ట్ పరిశోధకుల ఫార్మ్ వ్యవస్థ, బ్యాటరీల అండగల మెమరీతో, డేటాబేస్ వేగమును కొలుచు టీఏటీపీ పరీక్షయందు 90 కంప్యూటర్లపై సెకండుకు 14 కోట్ల లావాదేవీలు నెరపి, యంత్రము చెడినపుడు 50 మిల్లీసెకండ్లలోపల కోలుకొనగలిగెను.

పరిమితులు: ప్రాసెసర్ కాష్‌లో ఇమడని లావాదేవీలు టీఎస్ఎక్స్‌నందు విఫలమగును; భద్రతాలోపములు బయల్పడుటచే పలు ప్రాసెసర్లలో ఆ సౌకర్యమే నిలిపివేయబడినది. కావున తాళములతో కూడిన ప్రత్యామ్నాయ మార్గమును ప్రోగ్రాములో ఏర్పరచుట తప్పనిసరి.