అవధానలోపము: దానిని గుర్తించిన చరిత్ర

అష్టావధానములు చూచి మురియు తెలుగువారికి అవధానమనగా నేమో చెప్పనక్కరలేదు. అది నిలువని పిల్లవానిని మాత్రము అల్లరివాడనియు, సోమరియనియు, శని పట్టినవాడనియు అని యూరకుంటిమి. శనైశ్చరుని యాలయము గల పావగడలో ఆ కడపటి మాట మరింత సులభముగా నోటికి వచ్చును.

వైద్యులును మొదట తడబడినవారే. 1902లో లండను నగరమున జార్జి ఫ్రెడరిక్ స్టిల్ అను శిశువైద్యుడు మూడు ఉపన్యాసములలో ఇట్టి పిల్లలను వర్ణించెను. వారి బుద్ధికి లోటు లేదనియు, లోపము నీతినిగ్రహమున గలదనియు ఆయన మతము. పెంపకమును మాత్రమే నిందింపకుండుట ఆయన గొప్పతనము. ‘నీతి’ అను మాట మాత్రము పిల్లలకు బరువైనది. 1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ బెంజెడ్రిన్ అను ఉత్తేజకౌషధ మీయగా, పలువురు పిల్లలు నెమ్మదించి చదువున నిలిచిరి. ఉత్తేజకముచే నెమ్మది కలుగుట విచిత్రమే!

1968 నాటి అమెరికా మానసిక వైద్యుల గ్రంథము ఈ చాంచల్యము యౌవనారంభమున సాధారణముగా తగ్గునని వ్రాసెను. 1980లో అవధానలోపమునకు ప్రాధాన్యమిచ్చి పేరు మార్చిరి, 1987లో ఏ.డి.హెచ్.డి. అను నేటి పేరు వచ్చెను. ఈలోపల ఆ పిల్లలు పెద్దవారైరి. వారిని పరిశీలింపగా, పరుగులు తగ్గినను పరధ్యానము, తొందరపాటు అనేకులను విడువవని తేలెను. మొదలిడిన పని ముగింపకుండుట, కాగితములు పోగొట్టుట, తరచు ఉద్యోగము మారుట నడివయస్సున దాని రూపములు. కచ్చేరీలో ఇట్టివారిని నిర్లక్ష్యపరులని వ్రాసిపెట్టిన చేతులలో నాదియు నొకటి. చికిత్సయు, తగిన పనియు దొరకినవారు చక్కగా జీవించుటయు కలదు.

2013 నాటి గ్రంథము ప్రకారము అవధానలోపపు లక్షణములు 9, చాంచల్యపువి 9. ఏదేని యొక వర్గమున పిల్లలకు 6, 17 ఏండ్లు నిండినవారికి 5 ఉండవలెను. కొన్ని 12 ఏండ్లకు ముందే కనబడియుండవలెను. దీనిని తేల్చు రక్తపరీక్ష లేదు. ఒక్కచోట గాక, ఇంటను బడిలోను కనబడవలెనను నియమము మన తాలూకాకు మిక్కిలి ముఖ్యమని నా తలంపు. ఇంట తెలుగు, బడిలో కన్నడము. నాయనమ్మ చెప్పినదంతయు శ్రద్ధగా విని, చెప్పిన పని మరువక చేయువాడు బడిలో మాత్రము దిక్కులు చూచుచున్నచో, ముందుగా భాషను విచారింపవలెను.

బెంగళూరున 1974లో ఏర్పడిన నిమ్హాన్స్ సంస్థలో పిల్లల మానసిక వైద్యవిభాగము కలదు. వైద్యుని యొద్దకు పోవునప్పుడు పాత మార్కుల పుస్తకములు వెంటనుంచుకొనవలెను. పెద్దవారు తల్లినో, అన్ననో తోడ్కొనిపోవుట మేలు. పండ్రెండేండ్లలోపలి సంగతి వారే చెప్పగలరు.