పని వల్ల కలిగే మానసిక గాయాలకు పరిహారం: జపాన్ చరిత్ర

జపాన్‌లో ఉద్యోగ భారం వల్ల కుంగుబాటు (డిప్రెషన్) వంటి మానసిక వ్యాధి వచ్చినవారికి, ఆ వ్యాధితో ప్రాణం తీసుకున్నవారి కుటుంబానికి రెండు దారుల్లో పరిహారం దొరుకుతుంది. మొదటిది ప్రభుత్వం నడిపే కార్మిక ప్రమాద పరిహార బీమా. దీని ప్రీమియం మొత్తం యజమానే కడతాడు. కంపెనీ తప్పు ఉందా లేదా అన్నది ఇక్కడ ఎవరూ అడగరు, రోగం పని వల్లే వచ్చిందని తేలితే చాలు. రెండోది సివిల్ కోర్టులో కంపెనీ మీద వేసే దావా. వైద్యం ఖర్చు, పని చెయ్యలేని రోజులకు జీతంలో సుమారు 80 శాతం, మనిషి పోతే కుటుంబానికి పెన్షను బీమా ఇస్తుంది. పడ్డ మనోవేదనకు మాత్రం అందులో ఒక్క యెన్ కూడా రాదు. అది కావాలంటే కోర్టు మెట్లెక్కాలి, కంపెనీ తప్పును రుజువు చెయ్యాలి.

20వ శతాబ్దం చివరి దశాబ్దం దాకా ఈ రెండు తలుపులూ మానసిక రోగులకు దాదాపు మూసే ఉన్నాయి. చనిపోయినవారి తల్లిదండ్రులు, భార్యలు, వాళ్ళ పక్షాన నిలిచిన కొద్దిమంది లాయర్లు ఏళ్ళ తరబడి పోరాడి వాటిని తెరిపించారు. చట్టాలు ఆ తర్వాత వచ్చాయి.

1947 నుంచి 1988 దాకా

కార్మిక ప్రమాణాల చట్టం, ప్రమాద పరిహార బీమా చట్టం రెండూ 1947లో వచ్చాయి. అప్పటి ఆలోచన అంతా యంత్రంలో నలిగిన చెయ్యి, గని దుమ్ముతో పాడైన ఊపిరితిత్తుల చుట్టూనే తిరిగింది. కార్మికుడు కావాలని తెచ్చుకున్న గాయానికి, మరణానికి బీమా వర్తించదని చట్టంలో ఒక నిబంధన ఉంది. ఆత్మహత్య కేసులన్నీ అక్కడే ఆగిపోయేవి. ఆ సమయంలో మనిషికి మతి పూర్తిగా తప్పిందని చూపిస్తేనే మినహాయింపు దొరికేది. చివరి ఉత్తరం రాసిపెట్టి పోయి ఉంటే అది కుటుంబానికే ఎదురు తిరిగేది, తెలివిలో ఉండే ఉత్తరం రాశాడని అధికారులు లెక్కగట్టేవారు. కొడుకు రాసిన క్షమాపణ ఉత్తరమే తల్లి దరఖాస్తును కొట్టెయ్యడానికి ఆధారమవడం ఈ చరిత్రలో అన్నిటికన్నా క్రూరమైన విషయం.

తొలి సడలింపు 1984లో కనిపించింది. రైల్వే నిర్మాణానికి డిజైన్లు గీసే ఒక ఇంజనీరు గడువుల ఒత్తిడికి కుంగుబాటులో పడి, ప్రాణం తీసుకోబోయి బతికాడు. అతని జబ్బు పని వల్ల వచ్చిందేనని కార్మిక శాఖ ఒప్పుకుంది. కానీ ఆ తర్వాత చాలా ఏళ్ళపాటు ఇలాంటి నిర్ణయాలు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే.

ఈలోగా మరో ఉద్యమం నడిచింది. అతిపని వల్ల గుండెపోటుతో, పక్షవాతంతో వచ్చే చావులకు 1978లో ఉవెహతా తెత్సునొజొ అనే వైద్యుడు ‘కరోషి’ అని పేరు పెట్టాడు. 1988లో లాయర్లు కరోషి బాధితుల కోసం ప్రత్యేక ఫోను సలహా కేంద్రం మొదలుపెట్టారు. ఫోను చేసినవాళ్ళలో ఎక్కువమంది భర్తలను పోగొట్టుకున్న ఆడవాళ్ళు. గుండె, మెదడు జబ్బుల కోసం మొదలైన ఆ పోరాటమే తర్వాత మానసిక వ్యాధుల కేసులకు లాయర్లనూ, వాదించే పద్ధతినీ ఇచ్చింది.

డెంట్సు కేసు

ఈ చరిత్రను మలుపు తిప్పిన వ్యాజ్యం ఇది. జపాన్‌లో అతిపెద్ద ప్రకటనల సంస్థ డెంట్సులో 1990 ఏప్రిల్‌లో చేరిన ఒక యువకుడు రేడియో విభాగంలో పనిచేసేవాడు. మంచి ఆరోగ్యం, చురుకైనవాడని పేరు. కొద్ది నెలలకే ఇంటికి అర్ధరాత్రి దాటాక రావడం మొదలైంది, తర్వాత తెల్లవారాక వచ్చి బట్టలు మార్చుకుని మళ్ళీ వెళ్ళిపోవడం దాకా పోయింది. ఒక విందులో పై అధికారి బూటులో బీరు పోసి తాగించాడనీ, బూటు మడమతో కొట్టాడనీ కోర్టు రికార్డుల్లో ఉంది. 1991 ఆగస్టులో, 24 ఏళ్ళ వయసులో అతను ప్రాణం తీసుకున్నాడు.

ఎన్ని గంటలు పనిచేశాడన్నదే కేసుకు ప్రాణం. అతను కంపెనీకి రాసిచ్చిన ఓవర్‌టైమ్ లెక్క అసలు గంటల కన్నా చాలా తక్కువ. అలా తగ్గించి రాయడం అక్కడ అందరికీ అలవాటే, పై అధికారులకూ తెలుసు. అసలు లెక్క భవనం కాపలాదారుల గస్తీ నివేదికల్లో దొరికింది. రాత్రి 2 దాటాక ఏ గదిలో దీపం వెలుగుతోంది, అక్కడ ఎవరున్నారు అన్నది వాళ్ళు తమ పనిలో భాగంగా రాసిపెట్టేవారు. కంపెనీ హాజరు పుస్తకం దాచిన నిజాన్ని కాపలా మనుషుల కాగితాలు బయటపెట్టాయి. ఆ తర్వాతి ప్రతి కేసులోనూ కుటుంబాలు ఇలాంటి పక్కదారి ఆధారాలనే వెతికాయి.

టోక్యో జిల్లా కోర్టు 1996 మార్చిలో తల్లిదండ్రులకు సుమారు 12 కోట్ల 60 లక్షల యెన్లు చెల్లించాలని తీర్పిచ్చింది. 1997లో హైకోర్టు కంపెనీ తప్పును నిలబెడుతూనే పరిహారంలో 30 శాతం కోత పెట్టింది. అతను అన్నీ తన మీద వేసుకునే మనిషి, తప్పు జరగకూడదని పట్టుబట్టే స్వభావం అనీ, వైద్యుడి దగ్గరికి వెళ్ళలేదనీ, ఒకే ఇంట్లో ఉన్న తల్లిదండ్రులు పరిస్థితి చక్కదిద్దలేదనీ కారణాలు చెప్పింది. పిల్లవాడిని పోగొట్టుకున్న అమ్మానాన్నలకు కోర్టే తప్పులో వాటా పంచిందన్నమాట.

2000 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ కోతను తోసిపుచ్చింది. పని వల్ల పేరుకుపోయే అలసట, మానసిక భారం ఉద్యోగి ఆరోగ్యాన్ని దెబ్బతీయకుండా చూసుకోవడం యజమాని బాధ్యత అంది. మనుషుల స్వభావాలు రకరకాలుగా ఉంటాయని తెలిసే యజమాని పని అప్పగిస్తాడు కాబట్టి, ఆ మామూలు తేడాల పరిధిలో ఉన్న స్వభావాన్ని చూపించి పరిహారం తగ్గించడం కుదరదంది. సొంతంగా ఉద్యోగం చేసుకుంటున్న పెద్దవాడి పని పరిస్థితులను మార్చే స్థితిలో తల్లిదండ్రులు లేరనీ చెప్పింది. కేసు హైకోర్టుకు తిరిగి వెళ్ళాక, అదే ఏడాది జూన్‌లో కంపెనీ వడ్డీతో కలిపి సుమారు 16 కోట్ల 80 లక్షల యెన్లకు రాజీ పడింది.

జిల్లా కోర్టు తీర్పు వచ్చిన మరుసటి నెలలోనే, 1996 ఏప్రిల్‌లో, కోబె జిల్లా కోర్టు బీమా దారిలోనూ కుటుంబానికి అనుకూలంగా తీర్పిచ్చింది. ఉద్యోగంలో కొత్తగా చేరి కంపెనీ పని మీద భారతదేశానికి వచ్చిన ఒక యువకుడు పరాయి చోట ఇబ్బందుల మధ్య మనసు దెబ్బతిని హోటల్లో చనిపోయాడు. ఇది పని వల్ల వచ్చిన మరణం కాదన్న కకొగావా కార్మిక ప్రమాణాల తనిఖీ కార్యాలయం నిర్ణయాన్ని కోర్టు రద్దు చేసింది.

కొలతలు ఏర్పడ్డ తీరు

వరస ఓటముల తర్వాత కార్మిక శాఖ 1999 సెప్టెంబరులో మార్గదర్శకాలు ప్రకటించింది. వ్యాధి నిర్ధారణ కావాలి, అది మొదలవడానికి ముందు సుమారు 6 నెలల్లో పనిలో గట్టి మానసిక భారం పడి ఉండాలి, ఇంటి కష్టాలో పాత జబ్బో అసలు కారణం కాకూడదు అని మూడు షరతులు పెట్టింది. అన్నిటికన్నా పెద్ద మార్పు ఆత్మహత్య విషయంలో వచ్చింది. పని వల్ల వచ్చిన మానసిక వ్యాధితో ఒకరు ప్రాణం తీసుకుంటే, వ్యాధే వారి విచక్షణను దెబ్బతీసిందని భావించాలంది. చివరి ఉత్తరం ఉన్నంత మాత్రాన మనిషి తెలివిలో ఉన్నాడని అనలేమంది. ఆ ఆర్థిక సంవత్సరంలో మానసిక వ్యాధులకు 155 దరఖాస్తులు వచ్చాయి, 14 మాత్రమే మంజూరయ్యాయి.

2011 డిసెంబరులో వచ్చిన ప్రమాణాలు అంకెలు కూడా చెప్పాయి. వ్యాధికి ముందు ఒక నెలలో 160 గంటలు ఓవర్‌టైమ్ చేసి ఉంటే భారం గట్టిదేనని నేరుగా తేల్చవచ్చు. రెండు నెలలు వరసగా నెలకు 120 గంటలు, లేదా మూడు నెలలు వరసగా నెలకు 100 గంటలు ఉన్నా గట్టి భారం కిందే చూస్తారు. బదిలీ, తీరని టార్గెట్, పై అధికారితో గొడవ, సెలవు లేకుండా రెండు వారాల పని వంటి సంఘటనలకు పట్టిక వేసి ఒక్కోదాన్ని గట్టి, మధ్యస్థ, తక్కువ అని తూస్తారు. అంకెలు ఉండడం దరఖాస్తుదారుకు మేలే. ఆ అంకెకు కొద్దిగా ఇవతల ఆగిన మనిషి బాధను మాత్రం ఈ పట్టిక సరిగ్గా పట్టుకోలేదు.

దరఖాస్తు ఆ ప్రాంతపు కార్మిక ప్రమాణాల తనిఖీ కార్యాలయంలో ఇవ్వాలి. సెలవు కాలం జీతం కోసమైతే 2 ఏళ్ళలోపు, మరణ పరిహారం కోసమైతే 5 ఏళ్ళలోపు. కంపెనీ ఫారం మీద ముద్ర వెయ్యనంటే ఆ మాటే రాసి ఇవ్వవచ్చు, కార్యాలయం తీసుకుంటుంది. కుటుంబాలు పోగుచేసే కాగితాలు చూస్తే గుండె తరుక్కుపోతుంది: రైలు కార్డులో నమోదైన టైములు, అర్ధరాత్రి టాక్సీ రసీదులు, కంప్యూటర్ ఆన్, ఆఫ్ చేసిన లెక్కలు, ఇంకా ఆఫీసులోనే ఉన్నానని పంపిన మెసేజ్‌లు. తిరస్కరిస్తే 3 నెలల్లో అప్పీలు, ఆ పైన మరో మండలి, చివరికి కోర్టు.

వేధింపులు

ఎక్కువ గంటల తర్వాత వేధింపుల వంతు వచ్చింది. మందుల కంపెనీ ప్రతినిధి ఒకరిని పై అధికారి ‘జీతం దొంగ’ అంటూ పదేపదే అవమానించిన కేసులో టోక్యో జిల్లా కోర్టు 2007 అక్టోబరులో ఆ మాటలనే మరణానికి దారితీసిన భారంగా గుర్తించింది. 2020లో పై అధికారి వేధింపు, 2023లో కస్టమర్ల వేధింపు బీమా పట్టికలోకి ఎక్కాయి.

బాధిత కుటుంబాల ఒత్తిడితో 2014లో కరోషి నివారణ చట్టం వచ్చింది. అయినా 2015 డిసెంబరులో అదే డెంట్సులో, అదే 24 ఏళ్ళ వయసున్న కొత్త ఉద్యోగిని ప్రాణం తీసుకుంది. రికార్డులో ఓవర్‌టైమ్ నెలకు 70 గంటల లోపే. తనిఖీ కార్యాలయం తేల్చింది సుమారు 105 గంటలు. 1998లో ‘అతిపని ఆత్మహత్య’ అనే పుస్తకం రాసిన న్యాయవాది కవహితో హిరోషి ఆమె తల్లి పక్షాన నిలిచాడు. 2016లో బీమా మంజూరైంది. కార్మిక చట్టం ఉల్లంఘించినందుకు 2017లో కంపెనీకి పడ్డ జరిమానా 5 లక్షల యెన్లు. అంత పెద్ద సంస్థకు అది ఏ మూలకు? ఈ కేసు రేపిన ఆగ్రహమే 2018 సంస్కరణ చట్టంలో ఓవర్‌టైమ్‌కు తొలిసారి శిక్షతో కూడిన పరిమితి తెచ్చింది. పని మరీ ఎక్కువున్న నెలలో కూడా 100 గంటల లోపే ఉండాలి.

2024 ఆర్థిక సంవత్సరంలో 3,780 దరఖాస్తులు రాగా 1,055 మంజూరయ్యాయి. మంజూరైనవి వెయ్యి దాటడం అదే మొదటిసారి. కారణాల్లో అన్నిటికన్నా ముందున్నది పై అధికారి వేధింపే.

బీమాకు జాతీయతతో పని లేదు. జపాన్ కంపెనీలో జీతానికి పనిచేసే తెలుగు ఇంజనీరుకూ ఇదే హక్కు ఉంది. మన దేశంలో 2025 దాకా అమల్లో ఉన్న 1923 నాటి కార్మికుల పరిహార చట్టానికి జతచేసిన వృత్తి వ్యాధుల జాబితాలో మానసిక వ్యాధి ఉండేది కాదు. లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం మాత్రం, పరిహారం లెక్కించేటప్పుడు బాధితురాలి మానసిక ఆఘాతాన్నీ మానసిక వైద్యం ఖర్చునూ చూడాలని 15వ సెక్షన్‌లో చెప్పింది.

ఈ మధ్య వివాదం ప్రీమియం మీదికి మళ్ళింది. ఉద్యోగులకు బీమా మంజూరైన కొద్దీ పెద్ద యజమాని కట్టే ప్రీమియం పెరగవచ్చు. ఆ కారణం చూపించి ఒక సంస్థ తన ఉద్యోగినికి మానసిక వ్యాధి పరిహారం మంజూరు చేసిన నిర్ణయాన్నే రద్దు చెయ్యమని కోర్టుకెక్కింది, 2022లో టోక్యో హైకోర్టు ఆ హక్కు ఉందని కూడా అంది. 2024 జులై 4న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. యజమాని తన ప్రీమియం పెంపు మీద పోట్లాడుకోవచ్చు, రోగికి మంజూరైన సొమ్ము మీద వ్యాజ్యం వెయ్యలేడు.